వాళ్ళే చేస్తారు

పోయిన నెల మా ఇంట్లో టీవీ చెడిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే ముందు పాట, తర్వాత ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, ఆ తర్వాత మళ్ళీ పాట. చివరికి ఒక అమ్మాయి గొంతు, అదీ ముందే రికార్డు చేసి పెట్టింది, "మీరు మళ్ళీ ఫోన్ చేయనవసరం లేదు, మావాళ్ళే మీకు చేస్తారు" అని చెప్పి లైను కట్ చేసింది. నాలుగు రోజులు చూశాను. ఎవరూ చేయలేదు. హూడిలో అలాంటి కంపెనీలోనే పనిచేసే నా మనవరాలికి చెప్తే, "అది వాళ్ళ స్ట్రాటజీ అవ్వా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ స్ట్రాటజీ కనిపెట్టింది మా బావ. ఈ కంపెనీలు పుట్టకముందే చిక్కపేట పక్క సందులో, మొలతాడుకు తాళంచెవి కట్టుకుని, దాన్ని నడిపించి చూపించాడు. ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఊరు ఊరంతా ఆయన దారిలోనే నడుస్తోందని తెలిస్తే ఎంత మురిసిపోయేవాడో తలుచుకుంటే నాకు ఇంకా చిరాకు.

బావ అంటే మా ఆయనకు అన్న. చిక్కపేటలో రేడియోల అంగడి ఆయనది. మా ఆయనకు అదే అంగట్లో అన్న కింద పని. నాకు మాత్రం పెళ్ళికి ముందు నుంచే టెలిఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాది డయల్ సెక్షను. ఫోను ముందు తిరిగే ఆ చక్రం ఉంటుంది కదా, దాని లోపలి స్ప్రింగు, పళ్ళ చక్రాలు బిగించి, తిప్పి చూసి, అవతలి బల్లకు తోయడం. ఎనిమిది గంటలు అదే. నిద్రలో కూడా నా చూపుడువేలు తిరిగేదని మా ఆయన వేళాకోళం చేసేవాడు.

మా ఇళ్ళల్లో తమ్ముడి పెళ్ళాంతో బావ నేరుగా మాట్లాడడు. బావ వంటింటి గుమ్మం దాకా వచ్చి, గొంతు సవరించుకుని, గోడమీది క్యాలెండరును చూస్తూ తన భార్యతో, అంటే నా తోటికోడలితో, "చెప్పు ఆయమ్మకు" అని మొదలుపెట్టేవాడు. ఆయమ్మ అంటే నేను. రెండు మూరల దూరంలో సంగటి గెలుకుతూ ఉండేదాన్ని. నేను జవాబు చెప్పాలన్నా "అక్కా, బావకు చెప్పు" అనాల్సిందే. అక్క ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. ఇద్దరికీ వినబడిందని ఆమెకు తెలుసు. మధ్యలో నిలబడి కరివేపాకు దూసుకుంటూ ఉండేది.

అలా క్యాలెండరు ముందు నిలబడి ఆయన చెప్పని విషయం లేదు. ట్రాన్సిస్టర్లు వచ్చాయా, "వేడెక్కని మిషను మిషనేనా?" చేతిలో పట్టే కాలిక్యులేటరు వచ్చిందా, "అది ఇంట్లో ఉంటే బిడ్డలకి రెండో ఎక్కం కూడా రాదు." క్యాసెట్టులో ఎవరి గొంతు వాళ్ళు వింటే ఆయుష్షు తగ్గుతుంది. టీవీ అయితే బొమ్మ చూస్తూ తిన్న అన్నం అరగదు, అందుకే అది మన దేశంలో నిలవదు. ఇవన్నీ రేడియోలు అమ్మి బతికే మనిషి మాటలు! అంగట్లో కూడా ఇవే. కొనడానికి వచ్చినవాళ్ళు రేడియో చెవి తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "చూసేది వేరే, తిప్పేది వేరే అప్పా. కొన్నాక తిప్పుకోండి" అనేవాడు. తిప్పకుండా ఎవడు కొంటాడని మా ఆయన ఇంటికొచ్చి నా దగ్గర మొత్తుకునేవాడు. అన్న ముందు మాత్రం నోరు పెగిలేది కాదు.

భద్రత అంటే ఆయనకు ప్రాణం. అంగడికి తాళం వేసి రెండుసార్లు లాగేవాడు. పది అడుగులు వేసి, వెనక్కొచ్చి మూడోసారి లాగేవాడు. మా ఫ్యాక్టరీ గేటులో పని దిగి పోయేవాళ్ళ టిఫిన్ డబ్బాలు మూత తీసి చూస్తారని నేను ఒకసారి అక్కతో అనడం ఆయన చెవిన పడింది. అక్కడి గార్డు నేను తినగా మిగిలిన చిత్రాన్నంలో చెంచా పెట్టి కెలికేవాడని నేను ఏడుస్తుంటే, ఈయనకు అది గొప్పగా తోచింది. మరుసటి వారం నుంచి అంగడి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, "సంచి ఒగసారి చూపించి పో అప్పా" అని గిరాకీలను నిలబెట్టడం మొదలుపెట్టాడు. పదేళ్ళుగా బ్యాటరీలు మా దగ్గరే కొనే ఒక స్కూలు మేష్టరు, సంచి తెరిచి, అందులోని రెండు వంకాయలు బయటకు తీసి చూపించి, మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. రేడియో లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం ఎత్తేసిన ఏడాది కూడా ఈయన ఆ పుస్తకం తీసుకుని పోస్టాఫీసుకు వెళ్ళి, ముద్ర వేయమని గుమాస్తాతో గలాటా చేసి వచ్చాడు. "రేపు ఎవురన్నా అడిగితే?" అన్నాడు క్యాలెండరుతో.

డెబ్బైల చివర్లో మా ఇంటికి ఫోన్ వచ్చింది. ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే వచ్చింది. దాన్ని బిగించి వెళ్ళినవాళ్ళు సందు మలుపు తిరగకముందే ఈయన చిన్న గుండ్రటి తాళం ఒకటి తెచ్చి డయల్ రంధ్రంలో పెట్టేశాడు. అది ఉంటే చక్రం తిరగదు. వచ్చే ఫోన్ మాట్లాడుకోవచ్చు, మనం చేయలేం. తాళంచెవి మొలతాడుకు చేరింది.

"చెప్పు ఆయమ్మకు," అన్నాడు ఆ సాయంత్రం. "ఫోను మనం చేసేదానికి కాదు, మనకు వచ్చేదానికి. మనం చేస్తే మనకి అక్కర ఉండాదని అర్థం. అక్కర చూపిస్తే అయిపాయ, నెత్తిన కూచుంటారు. సుమ్మనె, ఊరికే ఉండల్ల. వాళ్ళే చేస్తారు."

నేను ఉండబట్టలేకపోయాను. "అక్కా, బావకు చెప్పు. ఆ తాళం చక్రానికే గాని తీగకు కాదు. మూడు తిప్పితే తీగలో కరెంటు మూడు సార్లు తెగి అతుక్కుంటాది, అంతే. రిసీవరు పెట్టే మీటను వేలితో మూడు సార్లు తట్టినా అదే పని అవుతాది. దినానికి వందల డయళ్ళు బిగించేదాన్ని, నాకు తెలీదా?"

"చెప్పు ఆయమ్మకు. ఫ్యాక్టరీలో స్క్రూ బిగించేది వేరే, ఇంటికి భద్రత పెట్టేది వేరే. తాళమనేది ఉండల్ల, అంతే."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ రోజు నుంచి నాకు ఒక పంతం పుట్టింది. ఈ మనిషి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తానుగా తాళం తీసి, తానుగా ఒకరికి ఫోన్ చేయడం నేను చూడాలి. సరుకు పంపేవాళ్ళకు చేయడు. బంధువులకు చేయడు. అక్క తమ్ముడికి కొడుకు పుడితే కూడా, "వాళ్ళే చేస్తారు" అని కూర్చున్నాడు. వాళ్ళు చేశారు, వారం తర్వాత, ఎందుకు పలకరించలేదని దెప్పడానికి.

ఊళ్ళోకి టీవీ ప్రసారం వచ్చింది. రేడియోలు కొనేవాళ్ళు తగ్గిపోయారు. మా ఆయన ఇంటికొచ్చి చెప్పుల జత విప్పుతూ, ఇవాళ రెండు బ్యాటరీలు పోయినాయి, ఇవాళ అదీ లేదు, అని చెప్పే రోజులు. రెండు సంసారాలు, ఏడుగురం, ఆ అంగడి మీదే. నా జీతం ఒక్కటీ ఎంతమందికి? అలాంటప్పుడు ఒక సోమవారం టీవీ కంపెనీ ఆఫీసరు ఒకాయన మా అంగడికి వచ్చాడు. ఆ వీధిలో ఒక్క అంగడికే ఏజెన్సీ ఇస్తామని, పాత పేరున్న అంగడి కాబట్టి ముందు మిమ్మల్నే అడుగుతున్నామని చెప్పాడు. "శనివారం రెండు గంటల లోపల ఒక ఫోన్ కొట్టండి చాలు. లేకుంటే ఎదురంగడివాళ్ళకు ఇచ్చేస్తాం" అన్నాడట. ఎదురంగడివాళ్ళు అప్పటికే రంగు దీపాల బోర్డు కూడా తగిలించుకుని కాచుకుని ఉన్నారు.

బావ ఊ అనలేదు, ఉహూ అనలేదు. కానీ గురువారం నాడు అంగడి ముందరి అద్దాల బీరువాలోంచి రేడియోలన్నీ తీయించి, తన పంచె కొంగుతో తానే తుడిచి, చోటు ఖాళీ చేయించాడట. ఆ మాట మా ఆయన చెప్పినప్పుడు నాకు అర్థమైంది. ఈయనకు ఏజెన్సీ కావాలి. కావాలని చెప్పడమే చేతకాదు.

శనివారం పొద్దున పూజ ముగించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ తెచ్చి ఫోన్ పక్కన వేసుకున్నాడు. అంగడికి పోలేదు. నాకు ఆ వారం రెండో షిఫ్టు, మధ్యాహ్నం ఒకటిన్నరకు బస్సు. పది అయింది. పదకొండయింది. పదకొండున్నరకు ఫోన్ మోగింది. నాలుగు మోతలు అయ్యేదాకా ఎత్తకూడదని ఆయన నియమం. ఎత్తాడు. పక్కింటివాళ్ళ కోసం. "పిలుచుకు రా" అన్న మాట ఎంత నీరసంగా అన్నాడంటే నాకే జాలేసింది.

"అక్కా, బావకు చెప్పు," అన్నాను. "వాళ్ళు చేయమన్నారు. వాళ్ళకు ఎదురంగడి ఉండాది. వాళ్ళేంటికి చేస్తారు?"

"చేస్తారు," అన్నాడు. క్యాలెండరు వైపు కూడా చూడలేదు. నేల చూస్తూ అన్నాడు.

పన్నెండున్నర. అక్క మూడోసారి పిలిస్తే లేచి, వెనక వసారాలో భోజనానికి కూర్చున్నాడు. నేను తుడుపు గుడ్డ పట్టుకుని ఫోన్ దగ్గరికి వెళ్ళాను. ఆఫీసరు ఇచ్చిపోయిన చీటీ ఫోన్ కిందే ఉంది. రిసీవరు ఎత్తి, మీటను తట్టడం మొదలుపెట్టాను. నాలుగుకు నాలుగు, కాస్త ఆగి రెండుకు రెండు. ఆ నంబరులో ఖర్మగాలి రెండు సున్నాలు. సున్నాకు పది తట్లు. మొదటిసారి ఎక్కడో తప్పింది, ఎవరో పళ్ళ డాక్టరు పలికాడు. రెండోసారి కలిసింది. వసారాలోంచి బావ మజ్జిగ అడగడం వినిపిస్తోంది.

"చిక్కపేట రేడియో అంగడివాళ్ళ ఇంటి నుంచి మాట్లాడేది," అన్నాను కన్నడంలో, గొంతు తగ్గించి. "మా లైను చెడిపోయింది సార్. ఫోన్లు వస్తాయి, పోవు. మా బావ పొద్దున్నుంచి మీకు చేయాలని తంటాలు పడుతున్నాడు. మీరే ఒకసారి చేయండి."

"పోకపోతే మీరెట్ల చేసినారమ్మా?" అన్నాడు ఆయన.

ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. "పక్కింటి నుంచి," అని పెట్టేశాను.

ఐదు నిమిషాల్లో ఫోన్ మోగింది. బావ చెయ్యి కడుక్కుని వచ్చి, పక్కన నిలబడి, నాలుగో మోత అయ్యేదాకా ఆగాడు. ఆగాడండీ! ఎత్తి, "ఊ... చూద్దాం... సరే, అంత మాట చెప్తే నేనేమంటాను... అట్లే కానీండి" అని, తాపీగా పెట్టి, వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"చూస్తివా? వాళ్ళే చేసినారు. చెప్పు ఆయమ్మకు."

నేను టిఫిన్ డబ్బా తీసుకుని బస్సుకు పరుగెత్తాను. దారిపొడుగునా నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంగడి నిలబడింది, అది నిజం. కానీ ఆ దినం నుంచి ఈయన సిద్ధాంతం వేదమైపోయింది. టీవీ కొనడానికి వచ్చినవాళ్ళకు, పెళ్ళిళ్ళలో, చావుల్లో, రైల్లో పక్క సీటువాడికి, అందరికీ ఆ శనివారం కథే. అక్కర చూపించలేదు, సుమ్మనె కూర్చున్నాను, పెద్ద కంపెనీ దిగివచ్చి ఫోన్ చేసింది. మా ముందు నెలకొకసారైనా చెప్పేవాడు. నేను నోరు తెరవబోతే మా ఆయన కళ్ళతోనే బతిమాలేవాడు. అన్నట్టు టీవీ మీద ఆయన అభిప్రాయం కూడా మారింది. చెక్క పెట్టెకు ముందు జారుడు తలుపులు, దానికి ఒక తాళం కూడా ఇచ్చేవారు ఆ రోజుల్లో. "ఇప్పుడు మిషను అనిపించుకునింది" అన్నాడు.

టీవీలు అమ్మితే చెడిపోతాయి కదా. అంగట్లో రిపేరు బల్ల ఒకటి పెడదామని మా ఆయన అడిగాడు. తాను పని నేర్చుకున్నాడు, తీగల పని నేనూ చూపించాను. బావ ససేమిరా అన్నాడు. "రిపేరు పెడితే మనం అమ్మింది చెడిపోతాదని మనమే ఒప్పుకున్నట్ల." ఇది ఎక్కడి వ్యాపారమో దేవుడికే తెలియాలి. ఆ మాటా ఈ మాటా పెరిగి, ఎన్నడూ నోరెత్తని మా ఆయన ఎత్తాడు. బావ గుమ్మం వైపు చెయ్యి చూపించి, "పో. మళ్ళా ఈ గడప తొక్కల్లంటే ఫోను చేసి రా" అన్నాడు.

మేము యలహంకకు మారి చిన్న రిపేరు అంగడి పెట్టుకున్నాం. మాకూ ఫోన్ వచ్చింది, తాళం లేని ఫోన్. కానీ మా ఆయన దాన్ని ముట్టుకునేవాడు కాదు. "అన్నే చేస్తాడు" అనేవాడు. పెరిగింది ఆ ఇంట్లోనే కదా! అన్నేమో తమ్ముడే చేస్తాడని, తమ్ముడేమో అన్నే చేస్తాడని. మధ్యలో నేను ఉగాదికీ దీపావళికీ అక్కకు చేసి మంచీ చెడూ అడిగేదాన్ని. ఆ ఒక్క దారీ నా వల్లే నిలిచి ఉందని ఎవరూ అనలేదు. రెండేళ్ళకు నాకూ విసుగొచ్చింది. ప్రతిసారీ నేనేనా? ఈసారి బావే చేయాలి అనుకుని, నేనూ మానేశాను.

కొన్ని నెలలకు ఒక మంగళవారం, చిక్కపేట నుంచి వచ్చిన ఒకాయన మా అంగట్లో మాటల మధ్య, మీ అన్నకు ఒంట్లో నలతగా ఉంది, అంగడికి రావడం లేదు అన్నాడు. మా ఆయన ముఖం వాడిపోయింది. "ఫోన్ చేస్తావా?" అని నన్ను అడిగాడు. "నలతే కదా," అన్నాను. "ఆయన చేయనీ. ఒక్క ఫోనుకు ఆయన సొమ్మేం పోతుంది?"

తర్వాతి సోమవారం ఫోన్ మోగింది. చేసింది వాళ్ళ పక్కింటివాళ్ళు. మేము బస్సు దిగి ఆ సందులోకి తిరిగేసరికి బయట బెంచీలు వేసి ఉన్నాయి.

పదకొండో రోజు కార్యం అయ్యి, అందరూ లేచిపోయాక, అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలోని తమలపాకు చీలుస్తూ చెప్పింది.

"ఆ శనివారం ఆఫీసరు ఫోన్లోనే అడిగినాడంట, మీ ఇంటామె చేసి చెప్పింది, లైను బాగైందా అని. మీ బావకి ఆ దినమే తెలుసమ్మా. నాతో చెప్పి, నోరు తెరిస్తే చూడు అనె."

ఆరేళ్ళు, నా ముందర నిలబడి, ఆ కథ చెప్పాడే!

"ఆయన మంచాన పడినప్పుడు నేను అంటి," అంది అక్క. "తమ్ముడికి ఒగ ఫోను చేయరాదా, తాళంచెవి ఇస్తే నేనన్నా చేస్తాను అంటి. ఇయ్యలేదు. 'నువ్వేంటికి చేసేది? ఆయమ్మ చేస్తాది. అప్పుడు నా మర్యాద పోకుండా చేయలేదా? ఆయమ్మకు తెలుసు' అనె. మంచం ఫోను దగ్గరికి జరిపించుకునె. దినామూ అదే మాట."

ఆ మనిషి మీద నాకు ఈనాటికీ కోపం తగ్గలేదు. నా మీదా తగ్గలేదు. ఆ మంగళవారం నుంచి సోమవారం దాకా, యలహంకలో, డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే నేనూ ఫోన్ పక్కనే కూర్చున్నాను, ఈసారి ఆయనే చేయనీ అని.